ఒక్క ఊపిరిలో ఎన్ని గొలుసులు

మా పక్కింటి లేసు మామ్మగారు పోయారన్న కబురు మా ఇంటికి ఎవరూ మోసుకురాలేదు. పొద్దున్న పదింటికి ఆన్‌లైన్ క్లాసు జరుగుతుంటే, ఫోను పైభాగంలో మా వీధి గ్రూపు మెసేజి జారి వచ్చి ఆగింది. "లేసు మామ్మగారు ఇక లేరు." దాని కింద దండం పెట్టిన చేతుల బొమ్మలు వరసగా. వాటి మధ్యలో ఎవరో ఇంకో లైను రాశారు: "ఆ కొడుకు మీటింగులంటూ తిరక్కపోతే ఆ తల్లి బతికేది." దానికి చాలామంది బొటనవేలు ఎత్తారు.

"కెమెరా ఆన్ చెయ్యమ్మా, నిద్రపోతున్నావా?" అన్నారు మేడమ్. ఆన్ చేశాను. స్క్రీన్ మీద నా మొహం ఎవరిదోలా ఉంది. ఆ రెండో లైను నిజం కాదని వీధి మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు అనుకున్నాను. అప్పటికి అలాగే అనుకున్నాను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. ఆవిడ గురించి మీకు చెప్పాలంటే ముందు ఆవిడ చేసే పని గురించి చెప్పాలి.

నరసాపురంలో మా వైపు వీధుల్లో వంటపని అయ్యాక ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని లేసు అల్లుతారు. ఒక్కో ఇంట్లో కొన్ని పువ్వులు. అందరిదీ ఒకటే నమూనా, ఒకటే తెల్ల దారం. ఆ పువ్వులన్నీ మామ్మగారి దగ్గరికి చేరతాయి. వాటిని పక్కపక్కనే పేర్చి, రేకు అంచుకి రేకు అంచు కలిపి పెద్ద టేబుల్ గుడ్డ చెయ్యడం ఆవిడ పని. అతుకుపని అంటారు దాన్ని. అతుకు ఎక్కడుందో కనిపించకూడదు. ఆవిడ అతికితే నాకెప్పుడూ కనిపించలేదు.

ఆవిడ కొక్కెం సూది జడముడిలో ఉండేది. కళ్ళజోడుకి లేసు దారమే తాడు. తెంపిన దారం కొసల్ని ఒక్కటీ పారెయ్యకుండా పాత బిస్కెట్ డబ్బాలో వేసేవారు. డబ్బా నిండితే దిండులోకి. "నా తలగడలో వీధి వీధంతా ఉందే" అనేవారు. ఆదివారం చర్చికి తెల్లచీర కట్టుకుని వెళ్ళి, వస్తూ వస్తూ మా గేటు దగ్గర ఆగి, "మీ కోసం కూడా చేశాలే ప్రార్థన, డోంట్ వర్రీ" అని నన్ను వెక్కిరించేవారు. నన్ను ఆవిడ ఎప్పుడూ పేరుతో పిలవలేదు. ఇంగ్లీషు మీడియం చదువని ఇంగ్లీషు పిల్లా అనే పిలిచేవారు.

పువ్వు చేతిలోకి తీసుకుంటే ఎవరు అల్లారో చెప్పేసేవారు. దారం బిగువు ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుందట. "ఇది చివరింటి కోడలిది. అత్తతో పేచీ పడి అల్లింది, చూడు ఎంత బిగించేసిందో. ఇది మీ అమ్మది. టీవీ చూస్తూ అల్లింది, వదులైపోయింది." నేను నవ్వితే, "నవ్వకు, నీ పువ్వు చూసినా నీ సంగతి తెలిసిపోద్ది" అనేవారు.

నాకు దాచుకోవడం అలవాటు. మార్కులు, భయాలు, అన్నీ. ఆ మాట విన్నప్పుడు నాకు నచ్చలేదు.

ఈ ఏడు ఎన్నికలు వచ్చాయి. మా నాన్న ఒక పార్టీకి వార్డులో పనులు చూస్తారు. మామ్మగారి అబ్బాయి ఇంకో పార్టీకి. ఆయన్ని నేను బాబాయ్ అంటాను. అంతకుముందు వాళ్ళిద్దరూ ఒకే పేపరు పంచుకుని చదివేవారు, ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగేవారు. కౌంటింగు రోజు నాన్న వాళ్ళు గెలిచారు. ఎవరో బాణాసంచా తెచ్చి సరిగ్గా బాబాయి గేటు ముందే కాల్చారు. నాన్న కాల్చలేదు, కానీ ఆపలేదు. మర్నాడు బాబాయి మేస్త్రీని పిలిపించి రెండిళ్ళ మధ్య గోడ మీద ఇంకో నాలుగు వరసల ఇటుకలు పేర్పించారు.

పరంజా కర్ర దూర్చడానికి మేస్త్రీ కింది పాత గోడలో కొట్టిన కంత ఒకటి పూడ్చకుండా మిగిలిపోయింది. సరిగ్గా మా పెరటి తులసికోట వెనక, నేను పీట వేసుకుని కూర్చుంటే మొహానికి ఎదురుగా. నా చెయ్యి మణికట్టు దాకా పడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం అందులోంచి ముందు కొక్కెం సూది వచ్చింది, తర్వాత ఆవిడ గొంతు.

"ఏమే ఇంగ్లీషు పిల్లా, మీ అమ్మ పువ్వులు పంపలేదేం?"

"నాన్న వద్దన్నారు మామ్మగారూ. మీ ఇంటికి రాకపోకలు వద్దని."

"రాకపోకలు వద్దన్నాడు. పువ్వులు వద్దన్లేదుగా. ఇందులోంచి పడెయ్."

పడేశాను. అవతల ఆవిడ పువ్వులు పేరుస్తుంటే కంతలోంచి చూసేదాన్ని. "ఇది మీ నాన్న పార్టీ. ఇది మావాడి పార్టీ. ఇదిగో, ఇది రెండు చోట్లా ఓటేస్తానని చెప్పి ఇంట్లో పడుకున్నవాళ్ళది" అంటూ అతికేవారు. "ఈ గుడ్డ పరిచి అన్నం తినేవాడికి ఏది ఎవరిదో తెలీదులే."

నాకు ఆవిడ అతుకుపని నేర్పింది ఆ కంతలోంచే. బదులుగా నేను ఆవిడకి తెలుగు చదివి పెట్టాలి. ఆవిడ కళ్ళకి సన్నని అక్షరాలు ఆనడం లేదు. కీర్తనలో, వారపత్రికో, మందుల చీటీ వెనక ఉన్నదో, ఏదైనా సరే. నేను తడుముకుంటుంటే, "ఒత్తులు మింగకే, అవేం ఇడ్లీలు కాదు" అనేవారు. నాకు ఇలా రాయడం వచ్చిందంటే అలా వచ్చింది.

ఆ రోజులు గుర్తు చేసుకుంటే అన్నీ నీళ్ళ అడుగున జరిగినట్టు ఉంటాయి. రెండోసారి వచ్చిన ఆ జబ్బు అప్పటికే ఊరంతా ఉంది. రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు ఆగిపోయింది. చిన్నప్పట్నుంచీ ఆ ఇంజను చప్పుడు రోజంతా వింటూ పెరిగాం, అది వినిపిస్తోందని కూడా తెలియకుండా. ఆగిపోయాక గోదావరి అవతలి ఒడ్డు ఇంకొంచెం దూరం జరిగినట్టు అనిపించింది. ఎండలో వీధి తెల్లగా, నిద్రలో ఉన్నట్టు. అప్పుడప్పుడు అంబులెన్సు చప్పుడు వచ్చేది, అది ఎక్కడ ఆగుతుందోనని అన్ని కిటికీలూ చెవులు పెట్టేవి. నాన్న వీధి కమిటీ పెట్టి, వీధి మొదట్లో వెదురు బొంగులు అడ్డంగా కట్టించారు. "ఎవరింట్లో జ్వరం వచ్చినా దాచకూడదు, కమిటీకి చెప్పాలి" అని గ్రూపులో రాశారు.

అమ్మ ఆవకాయ కలిపిన రోజు నాన్న ఎండ దెబ్బని రెండు రోజులుగా పడుకుని ఉన్నారు. అమ్మ ఆవపిండి డబ్బా మూత తీసింది. ఆ ఘాటుకి అమ్మకి కళ్ళంట నీళ్ళు, లోపల్నుంచి నాన్న తుమ్ములు. నేను డబ్బాలోకి వంగాను. ఏమీ లేదు. ముక్కుని ఇంకా దగ్గరగా పెట్టాను. పసుపురంగు దుమ్ము, అంతే.

సాయంత్రానికి జ్వరం. అమ్మతో కడుపునొప్పి అని చెప్పి వెనక గదిలో పడుకున్నాను. జ్వరాల సర్వేకి వచ్చిన అమ్మాయి గేటు దగ్గర అడిగితే, "మా ఇంట్లో అందరం బానే ఉన్నామమ్మా" అన్నారు నాన్న. ఆయనకి తెలిసింది అంతే. నేను చెబితే ఆయన రాసిన రూలు ఆయన ఇంటికే వస్తుంది. ఎదుటి పార్టీవాళ్ళు నవ్వుతారు. అదొక భయం. రెండో భయం గురించి నేను నాకు కూడా చెప్పుకోలేదు. టీవీలో చూపిస్తున్నారు కదా. పదిహేనేళ్ళకి పోతానా అని దుప్పటి కింద ఫోనులో వెతికాను. ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

అమ్మ పువ్వులతో పాటు నేనల్లిన పువ్వు కూడా కంతలోంచి ఇచ్చాను. అవతల ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఇది నీ చెయ్యేనా?"

"ఊఁ."

"గిన్నెలా ముడుచుకుపోయిందేంటే? పరిస్తే పరచుకోదు. వేళ్ళు ఇటివ్వు."

"వద్దు మామ్మగారూ."

"ఇవ్వవే."

చెయ్యి లోపలికి పెట్టాను. ఆవిడ వేళ్ళు చల్లగా, గరుగ్గా, దారం కోసుకున్న గీతలతో. నా వేళ్ళని అలాగే పట్టుకున్నారు.

"ఎన్నాళ్ళయింది?"

"మూడ్రోజులు."

"ఇంట్లో చెప్పావా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ నిట్టూర్చారు. "సరే. నీ కడుపులో ఉన్నది నా కడుపులో ఉంటుంది. కానీ ఒక షరతు. రోజూ మజ్జిగా, గంజీ తాగాలి. మధ్యాహ్నం మూడింటికి ఇక్కడికొచ్చి నాకు లెక్క చెప్పాలి."

లెక్క అంటే ఇది. గుండెల నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా, సూదితో ఒక్కో గొలుసు కుట్టు అల్లుతూ పైకి లెక్కపెట్టాలి. ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగాలి. వాళ్ళమ్మకి ఉబ్బసం వచ్చినప్పుడు మామ్మగారు ఇలాగే చూసేవారట. మొదటి రోజు నేను తొమ్మిది దగ్గర ఆగాను. భయంతో ఏడుపొచ్చింది.

"ఏడిస్తే లెక్క తప్పుతుంది. తొమ్మిదంటే తక్కువేం కాదు. నేను చెబుతాను, విను" అని ఆవిడ మొదలుపెట్టారు. ఇరవై రెండు దాకా ఒక్క గుక్కలో, చివర్లో ఒక దగ్గు కూడా లేకుండా. "ముసలిదాన్ని, నీకన్నా పదమూడు ఎక్కువ. సిగ్గుపడు."

మర్నాడు ఎనిమిది. తర్వాత పదకొండు. పధ్నాలుగు వచ్చిన రోజు ఆవిడ గోడకవతల చప్పట్లు కొట్టారు. "ఎవరైనా వింటారండీ" అంటే, "దోమల్ని కొడుతున్నాననుకుంటార్లే" అన్నారు. నేను బాగా వినిపించాలని మొహం కంతకి ఆనించి లెక్కపెట్టేదాన్ని. నా ఊపిరి ప్రతిదీ నేరుగా ఆవిడ మొహం మీదికే వెళ్ళింది. ఆవిడ పమిట చెంగు అడ్డం పెట్టుకునేవారు, గుర్తుంటే. నాకు ఆ ఆలోచన అప్పుడు రాలేదు. చాలా తర్వాత వచ్చింది. వచ్చాక వదలడం లేదు.

నాకు ఇరవై వచ్చిన రోజు శుక్రవారం. ఆ రోజు ఆవిడ పదహారు దగ్గర తడబడ్డారు. "ఎండకి గొంతు ఆరిపోయిందే" అన్నారు.

ఆదివారం బాబాయి వాళ్ళ పార్టీవాళ్ళు పిలిస్తే భీమవరం వెళ్ళి సాయంత్రానికి వచ్చారు. బుధవారం ఆయనకి టెస్టులో ఉందని తేలింది. ఇంక గ్రూపు నిండా అదే. మీటింగు నుంచి తెచ్చి వీధికి అంటించాడని, అధికారం పోయిన కడుపుమంటతో కావాలనే చేశాడని కూడా రాశారు. నాన్న, "ఆ ఇంటివాళ్ళు గడప దాటకూడదు" అని రాశారు. పాలబ్బాయి ఆ గేటు దగ్గర ఆగడం మానేశాడు. బాబాయి వీధి గదిలో తలుపేసుకున్నారు, తల్లికి అంటకూడదని. మామ్మగారు వెనక వసారాలో మకాం పెట్టారు, నా కంత పక్కన.

శుక్రవారమే పదహారు. ఆదివారానికి ముందే. ఇది నాకొక్కదానికే తెలుసు.

బుధవారం పన్నెండు. గురువారం తొమ్మిది. "మామ్మగారూ, బాబాయికి చెప్పండి" అన్నాను. "వాడికే ఒళ్ళు కాలిపోతోంది, వాణ్ణి లేపి ఏం చెప్పను? నువ్వు తొమ్మిది నుంచి పైకి రాలేదూ? నేనూ వస్తాను" అన్నారు. ఆ మాట నమ్మాలనిపించింది. నమ్మితే నేను ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నేను చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. గోడ, కంత, జ్వరం, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఊడి వస్తాయి. ఆ గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా నేను మాట్లాడలేదు. ఒక రోజు మొత్తం. ఆ రోజుని నేను ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం ఆవిడ ఒకటి, రెండు, మూడు, నాలుగు అన్నారు. తర్వాత గాలి చప్పుడు.

నేను పీట మీంచి లేచి నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన ముందు గదిలో ఫోను చూసుకుంటున్నారు.

"నాన్నా, మామ్మగారికి ఊపిరి అందట్లేదు."

"నీకెవరు చెప్పారు?"

"నేనే లెక్కపెట్టించాను. నాకు జ్వరం వచ్చినప్పుడు ఆవిడ నాకు లెక్కపెట్టారు."

"నీకు జ్వరమేంటి? ఎప్పుడు?" అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఆవకాయ కలిపిన రోజు. నాకు ఆవపిండి వాసన రాలేదమ్మా."

నాన్న ఫోను బోర్లించి పెట్టారు. లేచి, మాస్కు తగిలించుకుని, రొయ్యల చెరువులకి మేత తోలే మా వ్యాను తాళాలు తీసుకున్నారు. వెదుళ్ళకి కట్టిన తాడు ముడి ఊడి రాలేదు. ఆయనే గట్టిగా కట్టించింది. చివరికి కొడవలి తెచ్చి కోశారు.

"తమ్ముడూ!" అని బాబాయి గేటు దగ్గర అరిచారు. ఎన్నికల తర్వాత ఆ మాట వినడం అదే మొదలు.

కిటికీ రెక్క తెరుచుకుంది. "ఏంటి? ఇంకా ఏం కావాలి మీకు?"

"పిన్నిగారికి బాలేదు. తీసుకురా. తర్వాత తిడుదువుగాని."

ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని ఆవిడని వ్యాను ఎక్కించారు. అద్దం మీద నాన్న పార్టీ స్టిక్కరు ఉంది. ఆవిడ దాన్ని చూశారు. "నాయనా... ఇదెక్కితే... నా ఓటు... మీకు పడిపోద్దేమోరా" అన్నారు. మాటల కంటే గాలే ఎక్కువ. నాన్న నవ్వబోయి మొహం తిప్పుకున్నారు. నేను మా గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నా వైపు చెయ్యి ఎత్తి, రెండు వేళ్ళు కలిపి గాల్లో గొలుసు లాగినట్టు చేశారు. అదే చివరిసారి.

ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నారు. మట్టి చేసేటప్పుడు బాబాయీ, ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న నలుగురు మనుషులూ. పాస్టరుగారు ఫోను స్పీకర్లో ప్రార్థన చేశారట. ఆ సాయంత్రం నాన్న విప్పిన వెదుళ్ళన్నీ పెరట్లో ఒక మూలకి చేర్చి, వాటి మీద కూర్చుండిపోయారు. నాకు ఒక్క తిట్టు కూడా పడలేదు. పడితే బాగుండేది. గ్రూపులో మాత్రం బాబాయిని అనడం ఆగలేదు. నాన్న అవుననీ రాయలేదు, కాదనీ రాయలేదు.

పంటు మళ్ళీ తిరగడం మొదలైన రోజుల్లో, ఒక మధ్యాహ్నం కంతలోంచి గుడ్డసంచీ ఒకటి నెమ్మదిగా తోసుకుంటూ వచ్చింది.

"ఇంగ్లీషు పిల్లా." గొంతు బాబాయిది. ఆయన నన్నెప్పుడూ అలా పిలవలేదు. "అమ్మ సంచీ ఇది. అతకాల్సినవి ఇంకా ఉన్నాయి. నీకు నేర్పిందంటగా."

సంచీ ఒళ్ళో పెట్టుకుని, వారాల తరబడి కూడబెట్టుకున్న మాట అనేశాను. "బాబాయ్, ముందు జ్వరం వచ్చింది నాకు."

"తెలుసమ్మా."

గోడకవతల ఆయన చతికిలబడ్డ చప్పుడైంది.

"ఆసుపత్రిలో చెప్పింది. నా చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల పేరు ఎక్కడా ఎత్తకురా అంది. ఎత్తలేదు."

"గ్రూపులో మిమ్మల్ని అన్నేసి మాటలంటుంటే..."

"అనిపించింది. రాసేద్దామని రెండు మూడుసార్లు టైపు కూడా చేశాను. మీ నాన్న మొహం ఎక్కడ పెట్టుకుంటాడో చూద్దామని. తర్వాత నీ మొహం గుర్తొచ్చి తుడిపేశాను. ఎవర్నుంచి ఎవరికొచ్చిందో ఎవరికీ తెలీదమ్మా, అక్కడి నర్సమ్మ కూడా అదే అంది. మా అమ్మ చర్చికెళ్ళింది, సంతకెళ్ళింది. నువ్వు మొయ్యకు."

మొయ్యకు అంటే దించెయ్యడం రాదు. కానీ ఆయన మోస్తున్నది నాది. అది మాత్రం దించొచ్చు. అందుకే ఇది మీకు రాస్తున్నాను. మా వీధిలో ఈ పత్రిక చాలా ఇళ్ళకి వస్తుంది. వీధికి ముందు ఎవరు తెచ్చారో నాకు తెలియదు. మామ్మగారి అబ్బాయి మీటింగుకి వెళ్ళకముందే ఆవిడకి ఊపిరి తగ్గింది. అంతకుముందే నాకు జ్వరం వచ్చింది. నేను దాచాను. ఆవిడ నన్ను దాచారు.

పంపే ముందు నాన్నకి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు. కాగితాలు మడిచి నా చేతికిస్తూ, "పంపించు" అన్నారు.

సంచీలో గుడ్డ ముప్పావు భాగం పూర్తయి ఉంది. విప్పి పరిస్తే, సరిగ్గా నడిమధ్యలో నేను జ్వరంతో అల్లిన ఆ గిన్నె పువ్వు. పారేసి ఉంటారనుకున్నాను. చుట్టూ ఉన్న పువ్వుల్ని నాలుగు వైపులా లాగి పట్టి అతికారు. అది చదునుగా పరుచుకుని ఉంది. వేలితో తడిమితే తప్ప అదేనని తెలియదు.

మొన్న గోడకి సున్నం వేసేవాళ్ళు వచ్చి, కంత పూడ్చమంటారా అని అడిగారు. "దాన్నలా ఉండనివ్వండి" అన్నారు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా.

మధ్యాహ్నం మూడు దాటాక ఆ కంతలోంచి ఎండ ఒక ముక్క మా వైపు వస్తుంది. మొదట తులసికోట మీద, తర్వాత పీట మీద, తర్వాత నా ఒళ్ళో ఉన్న తెల్ల దారం మీద. దూరంగా రేవులో పంటు ఇంజను. నేను గుండెల నిండా గాలి తీసుకుని, గొలుసులు అల్లుతూ పైకి లెక్కపెడతాను. నిన్న ఇరవై రెండు దాకా వచ్చాను. అక్కడ ఊపిరి ఇంకా మిగిలే ఉంది. అయినా సూది ఆపి, అవతలి నుంచి ఒకటి అని వినిపిస్తుందేమోనని, ఎండ నా వేళ్ళ మీంచి దాటిపోయేదాకా అలాగే కూర్చున్నాను.